రంగు చెదరని తొట్టి: జోవాంథిడ్ల పెంపకంలో ఒక పనితనం

పగడాల చుట్టమైన సముద్రజీవి జోవాంథిడ్‌ను సరిగ్గా చూడాలంటే గాజుకు ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లాలి. ఒక్కో పాలిప్ ముఖం వెడల్పు ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ. నడుమ గీత గీసినట్టు చిన్న నోరు, నోటి చుట్టూ ఒక రంగు, దాన్ని చుట్టి మరో రంగు వలయం. అంచున రెండు వరసల్లో పొట్టి పొట్టి స్పర్శకాలు, వాటిది ఇంకో రంగు. నారింజ ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే ఊదా మొదలవుతుంది. పక్కనున్న ముఖాల్లోనూ అదే వరస, అదే కొలత. ఎందుకంటే ఆ గుంపంతా ఒకే జీవి మొలకలు. రాయిని కరుచుకుని పాకే పల్చటి కండపొర మీద ఒక్కో ముఖం మొగ్గలా పుట్టుకొస్తుంది. వీటికి గట్టి పగడాలకుండే సున్నపు అస్థిపంజరం లేదు. దగ్గరి చుట్టమైన పాలిథోవా అయితే ఇసుక రేణువులను ఏరి తన ఒంటి గోడలో పొదుగుకుని గట్టిపడుతుంది.

విశాఖపట్నంలో నా మిత్రుడి ఇంట్లో రెండడుగుల తొట్టి ఉంది. చేపలు నామమాత్రం. రాళ్ల మీద నిండా జోవాలే, అంటే జోవాంథిడ్లే. ఇలాంటి తొట్లు చాలా చూశాను. దొరికిన రకమల్లా తెచ్చి పక్కపక్కన కుక్కినవే ఎక్కువ. ఇతని తొట్టిలో నన్ను ఆపింది ఖాళీ రాయి. ఒక రకానికీ ఇంకో రకానికీ మధ్య బొటనవేలంత జాగా వదిలాడు. ఆ పొర పాకుతూ వచ్చి పొరుగుదాన్ని కమ్మేయకుండా ఆ జాగాను ఎప్పటికప్పుడు గీకి శుభ్రం చేస్తాడు. కాడ పొడుగ్గా సాగే రకాలు వెనక, నేలకు అంటుకుని పరుచుకునేవి ముందు. ముదురు ఊదా పక్కన ముదురు ఎరుపు పెట్టడు, వాటి నడుమ లేత పసుపు అంచున్నది ఒకటి ఉంటుంది. అందువల్ల ఏ గుంపు హద్దు ఆ గుంపుదిగా కంటికి విడిగా అందుతుంది.

అభిరుచి ఉన్నవాళ్లు ఈ రకాలకు రాస్తా, ఈగల్ ఐ, అటర్ కేయాస్ అంటూ పేర్లు పెట్టుకున్నారు. పేరును బట్టి ధర పలుకుతుంది. శాస్త్రం మాత్రం రంగును అంతగా నమ్మదు. జేమ్స్ రైమర్, ఆయన సహచరులు జపాన్ తీరపు జోవాంథస్‌ల డీఎన్ఏ చూసి, వేర్వేరు జాతులుగా భావిస్తున్న నాలుగు నిజానికి ఒకటేనని 2004లో చెప్పారు. ఒకే జాతి ఇన్ని వేషాలు కట్టగలదన్నమాట. నాకైతే ఆ మాట తెలిశాక ఈ తొట్టి మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఆ రంగులు రెండు చోట్ల నుంచి వస్తాయి. కణాల లోపల కాపురముండే సూక్ష్మ శైవలాలది గోధుమ రంగు. వెలుతురుతో ఆహారం తయారుచేసి జోవాకు పెట్టేది అవే. పైన మెరిసేవి జోవా సొంతంగా తయారుచేసుకునే ప్రొటీన్లు. నీలి కాంతిని మింగి పచ్చగానో పసుపుగానో తిరిగి వెలిగిస్తాయి. జెల్లీఫిష్‌లో ఇలాంటి పచ్చ ప్రొటీన్‌ను ఒసాము షిమోమురా 1962లోనే వేరుచేశాడు. 1999లో మిఖాయిల్ మాట్జ్, సెర్గేయ్ లుక్యానోవ్ బృందం తమంతట తాము వెలగని పగడపు జాతి జీవుల్లోనూ ఇవి ఉన్నాయని చూపించింది. వాళ్లు బయటపెట్టిన వాటిలో రెండు జోవాంథస్‌వి. ఒకటి 506 నానోమీటర్ల దగ్గర పచ్చగా, రెండోది 538 దగ్గర పసుపుగా వెలుగుతుంది. ఇవాళ ప్రయోగశాలల్లో కణాలకు గుర్తులు పెట్టడానికి వాడే జెడ్‌ఎస్‌గ్రీన్, జెడ్‌ఎస్‌యెల్లో ఆ రెండిటి నుంచి తయారైనవే.

ఈ సంగతి తెలిసిన దుకాణాలు తొట్టి మీద ఉత్త నీలి దీపం వేసి అమ్ముతాయి. ప్రతి జోవా నిప్పులా మండుతుంది, ఇంటికి తెచ్చాక మామూలుగా కనిపిస్తుంది. నాకు ఆ పద్ధతి నచ్చదు. నా మిత్రుడు పగలు తెల్లకాంతి కూడా కలిపి ఇస్తాడు, సాయంత్రం చివర కొద్దిసేపే నీలం ఒక్కటీ ఉంచుతాడు. తెల్లకాంతిలోనూ రంగు నిలిచిందంటే అది జోవా ఒంట్లో ఉన్న రంగు. వెలుతురు చాలకపోతే కాడలు సాగిపోతాయి, ఎక్కువైతే ముఖాలు కుంచించుకుని పాలిపోతాయి. అతను మీటరు చూడక్కర్లేదు, కాడ పొడవును చూసి రాయిని ఒక మెట్టు పైకో కిందికో జరుపుతాడు. ఒకసారి జరిపాక వారాల తరబడి దాన్ని ముట్టుకోడు.

అసలు పని నీటిలో ఉంది. కుళాయి నీటిని ఆర్‌ఓ, డీఐ ఫిల్టర్లు రెండిటిలోనూ వడగట్టి, సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపి కిలో నీటికి 35 గ్రాముల ఉప్పుకు తెస్తాడు. సముద్రం పక్కనే ఉన్నా రేవు ఊరి నీటిని తొట్టిలో పోయడు. వేడి 25, 26 డిగ్రీలు దాటకూడదు. హైదరాబాద్ లాంటి పొడి ఊళ్లో నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి ఎగిరి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, ఆవిరి అంత తేలిగ్గా ఎగరదు. అందుకని చిల్లర్ తప్పలేదు. ఎగిరిపోయేది ఉత్త నీరు, ఉప్పు తొట్టిలోనే మిగిలి చిక్కబడుతుంది. ఆ లోటును ఫ్లోట్ స్విచ్‌తో వచ్చే మంచినీరు బొట్టుబొట్టుగా తీరుస్తుంది. కరెంటు పోయిన రాత్రికి బ్యాటరీ ఎయిర్ పంపు ఉంది.

కొత్తగా పెంచేవాళ్లు ఎక్కువగా తడబడేది శుభ్రత దగ్గర. నీటిలో నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు దించితే జోవాలు మూసుకుని చిక్కిపోతాయి. ఇతను నైట్రేట్‌ను 5 నుంచి 10 పీపీఎం మధ్య ఉండనిస్తాడు. విశాఖ తీరంలో ఆటు వేళ రాతి గుంటల్లో వీటి బంధువులు కనిపిస్తాయి. నీరు తీశాక ముఖం మూసుకుని, లోపల తడి దాచుకుని, ఎండను ఓర్చుకుంటాయి. వాటిని ఊరికే చూసి వస్తాడు, పెకిలించడు. జోవా ఎంత మొండిదో, దానికి ఏం సరిపడదో ఆ గుంటల దగ్గర కూర్చునే నేర్చుకున్నానంటాడు.

కోత పెట్టే రోజు చూడాలి. కడియం నర్సరీలో అంటు కట్టే చేతికున్న నిదానమే ఈ చేతిలోనూ ఉంది. నన్ను దగ్గరికి రానిచ్చే ముందు, “కళ్లజోడు పెట్టుకోరా, తర్వాత చూద్దువుగాని” అన్నాడు. తనకు చేతి తొడుగులు, ముఖానికి అడ్డు. బ్లేడును పాలిప్‌లోకి దించడు, రెండు ముఖాల నడుమ పొరలోకి దించుతాడు. కింద రాయి పెచ్చు కూడా కొంచెం వచ్చేలా తీస్తాడు, ఎందుకంటే జిగురు కండకు సరిగా పట్టదు, రాయికి పడుతుంది. సూపర్ గ్లూ జెల్ ఒక చుక్క పెట్టి చిన్న బిళ్ల మీద అతికిస్తాడు. బయటి నుంచి వచ్చిన ముక్కయితే భూతద్దంతో అడుగువైపు వెతుకుతాడు. జోవాలను తినే నుడిబ్రాంక్ అనే మెత్తటి నత్త తాను తిన్నదాని రంగునే ఒంటికి తెచ్చుకుంటుంది, మామూలు చూపుకు దొరకదు. తెల్లటి గుడ్ల చుట్ట మాత్రం దొరుకుతుంది. మందు నీటిలో ముంచినా గుడ్లు చావవు కాబట్టి వాటిని గీకేసి, వారం తర్వాత మళ్లీ ముంచుతాడు.

ఆ కళ్లజోడు అనవసరపు జాగ్రత్త కాదు. హవాయిలో మావీ దీవి మీది హానా దగ్గర ఒక గుంటలోని విషపు నాచు గురించి పాత కథ ఉంది. ఆ నాచు నిజానికి పాలిథోవా. దాన్నుంచి 1971లో మూర్, షోయర్ వేరుచేసిన పదార్థమే పాలిటాక్సిన్. ఒక్క అణువులో 129 కార్బన్ పరమాణువులు. కణంలో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ చేరవేసే పంపును ఇది తెరిచిన రంధ్రంగా మార్చేస్తుంది. ఏ గుంపులో ఎంత విషముందో కంటికి తెలియదు. జోవాలున్న రాయిని వేడినీళ్లలో మరిగించి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు పలు దేశాల్లో జరిగాయి. కాబట్టి మరిగించడం, వేడినీళ్లతో కడగడం, ఎండిన రాయిని బ్రష్‌తో తోమడం ఆ ఇంట్లో నిషిద్ధం. కోత అయ్యాక బ్లేడు, పళ్లెం, వాడిన నీరు, అన్నిటికీ బ్లీచ్ పడుతుంది. పిల్లలు ఆ గదిలోకి రారు.

నారింజ ముఖం, పచ్చ అంచు ఉన్న ఒక గుంపులోంచి కొంత తీసి హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఇచ్చాడు. రెండు తొట్లలో ఉన్నది ఒకే జీవి. అక్కడి తొట్టిలో అది బతికింది, పెరిగింది కూడా, కానీ ముఖాలు చిన్నవి, నారింజ వెలిసిపోయింది, అంచు పచ్చదనం లోపలికి కారినట్టుంది. అన్న వెళ్లి చూసి మందులేవీ వెయ్యమనలేదు. రాయిని అడుగు మెట్టుకు దించాడు, ఎదురుగా కొడుతున్న పంపును పక్కకు తిప్పాడు, ఫాస్ఫేట్ పీల్చే సంచిని ఫిల్టర్లోంచి తీయించాడు. ఇప్పుడక్కడ పాత ముఖాలు ఇంకా వెలిసే ఉన్నాయి. పక్కన కొత్తగా పుట్టినవి మాత్రం నారింజకీ పచ్చకీ మధ్య హద్దు స్పష్టంగా తెచ్చుకుంటున్నాయి.