కుబుసం చెప్పే సంగతి

ఆరోగ్యంగా ఉన్న పాము కుబుసం పెదవుల దగ్గర చిట్లి, కాలి నుంచి లాగేసిన మేజోడులా లోపలిది బయటికి తిరగబడుతూ, తోక కొస దాకా ఒకే ముక్కగా ఊడి వస్తుంది. ముక్కలు ముక్కలుగా రాలితే, చాలాసార్లు లోపం పాములో ఉండదు, దాన్ని ఉంచిన పెట్టెలో ఉంటుంది.

పాము పాత చర్మం కింద కొత్త పొర పూర్తిగా తయారయ్యాక, రెండింటి నడుమ ద్రవం ఊరి పై పొర వదులవుతుంది. అప్పుడు ఒళ్లు మసకబారుతుంది, కళ్లకు నీలి పాలరంగు కమ్ముకుంటుంది. కొన్నాళ్లకు కళ్లు మళ్లీ తేటపడతాయి. కుబుసం ఊడేది ఆ తర్వాతే. మొత్తం వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో పాముకు చూపు సరిగా ఆనదు, తిండి ముట్టకపోవచ్చు, చిన్న కదలికకే బెదిరి కాటుకు రావచ్చు. దాన్ని చేతిలోకి తీసుకోకపోవడమే దయ.

అమెరికాలో, బ్రిటన్‌లో ఇళ్లలో విరివిగా పెంచే బాల్ పైథాన్‌కు కుబుసం ముక్కలుగా ఊడే ఇబ్బంది ఎక్కువ. (మన నాగుపాములనూ కొండచిలువలనూ ఇంట్లో పెంచడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.) పడమటి, మధ్య ఆఫ్రికా గడ్డిభూముల పాము కదా అని దాన్ని పొడిగా ఉంచేవాళ్లున్నారు. కానీ అక్కడ అది పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో తలదాచుకుంటుంది. పుట్ట లోపలి చెమ్మ ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. చలిదేశాల్లో హీటర్లు వెలిగే ఇంట్లో, జాలీ మూత ఉన్న గాజుపెట్టెలో ఆ చెమ్మ నిలవదు. గాలిలో తేమ మామూలు రోజుల్లో 50 నుంచి 60 శాతం, కుబుసం రోజుల్లో 70 దాకా ఉండాలి. దీన్ని కంటితో అంచనా వేయడం కుదరదు, హైగ్రోమీటర్‌తో కొలవాల్సిందే. తడిపి పిండిన నాచు పరిచిన మూత డబ్బాకు ఓ రంధ్రం చేసి పెట్టెలో ఉంచితే అదే పుట్ట అవుతుంది. మూతి రాసుకోవడానికి గరుకు బెరడు ముక్క కూడా కావాలి.

కుబుసం అంటుకుపోతే గోరువెచ్చని నీళ్లు కొద్దిగా పోసిన తొట్టిలో అరగంట ఉంచి, దగ్గరుండి చూసుకోవాలి. తర్వాత తడిబట్ట మడతల గుండా పాకనిస్తే చాలావరకు దానంతటదే వదులుతుంది. ఎండిన చర్మాన్ని పీకితే కింది లేత పొర చిరుగుతుంది. పాముకు రెప్పలుండవు, కంటిని కప్పేది పారదర్శకమైన పొలుసు. అదీ కుబుసంతోపాటే ఊడాలి. అందుకే ఊడిన కుబుసాన్ని పరిచి, రెండు కంటి పొలుసులూ తోక కొసా వచ్చాయో లేదో చూడాలి. కంటి పొలుసు మిగిలితే దాని మీద పట్టకారు పెట్టకూడదు. ఎంత నిదానమైన చెయ్యి అయినా కన్ను పోగొట్టవచ్చు. తేమ పెంచినా అది ఊడకపోతే ఆ పని పశువైద్యుడిదే. తోక చుట్టూ ఉంగరంలా మిగిలిన చర్మం ఎండి బిగుసుకుంటే రక్తం ఆడక కొస చచ్చిపోతుంది.

తేమ పేరుతో అడుగు పరుపును చిత్తడి చేయడం మరో తప్పు. కడుపు కింది పొలుసులు ఎర్రబడి, బొబ్బలెక్కి, కుళ్లుతాయి. గాలి తేమగా ఉండాలి కానీ పాము పడుకునే నేల తడిగా ఉండకూడదు.

అన్నీ సరిగ్గా ఉన్నా కుబుసం చెడుతుంటే మైట్లనే సన్నటి పురుగులను అనుమానించాలి. కంటి అంచుల్లో, గవద కింది గాడిలో నల్లటి నలుసుల్లా కనిపిస్తాయి. నీళ్ల గిన్నెలో మునిగి చచ్చినవీ తేలుతుంటాయి. పాము గంటల తరబడి నీళ్లలోనే పడుకుంటే ఇదీ ఒక కారణం కావచ్చు. ఒక్క పాముకే మందు వేస్తే సరిపోదు. పరుపంతా పారేసి, పెట్టె మూలలూ చీలికలూ కడగాలి. మైట్లు గుడ్లు పెట్టేది అక్కడే.