సంకటి కెలకడం

హైదరాబాద్, బెంగళూరు హోటళ్ల మెనూల్లో ఇప్పుడు రాగి సంకటి ఒంటరిగా కనిపించదు. పక్కన నాటుకోడి పులుసు ఉండి తీరాల్సిందే. తినడానికి ఆ జంట బాగానే ఉంటుంది, కాదనను. కానీ రాయలసీమ ఇళ్లలో కోడిని కోసింది పండక్కో, అల్లుడొచ్చినప్పుడో. మిగిలిన రోజులన్నీ సంకటిని నడిపించింది పుల్లగూర, ఊరిబిండి, ఎనిపిన పప్పు. సంకటి రుచి తెలియాలంటే వీటితో తినాలి. అంతకంటే ముందు దాన్ని ఎలా కెలుకుతారో చూడాలి.

పైకి ఇందులో పెద్ద పనేమీ లేదనిపిస్తుంది. నూకలు, రాగిపిండి, నీళ్లు, ఉప్పు, అంతే. గ్లాసు నూకలకు గ్లాసున్నర పిండి, ఐదారు గ్లాసుల నీళ్లు. నానిన నూకల్ని ఎసట్లో పోసి, అన్నం కంటే మెత్తగా, పట్టుకుంటే నలిగిపోయేదాకా ఉడికిస్తారు. నీళ్లు ఎక్కువయ్యాయనిపిస్తే గ్లాసుడు గంజి తీసి పక్కన పెట్టుకుంటారు. తర్వాత పిండి మరీ బిగుసుకుంటే పోయడానికి ఆ వేడి గంజే కావాలి.

అసలు కిటుకు పిండి పోశాక ఉంది. ఉడుకుతున్న నూకల మీద పిండిని గుట్టగా పోసి, తెడ్డు కాడతో నడిమధ్యన అడుగుదాకా బొక్క పెట్టి, మంట తగ్గించి, మూతపెట్టి వదిలేయాలి. కలపకూడదు. కొత్తవాళ్ల చెయ్యి ఊరుకోదు, వెంటనే తిప్పేస్తారు. ఇక ఉండలే ఉండలు. పిండి ఉండకు వేడినీళ్లు తగలగానే పైపొర ఉడికి బంకలా మూసుకుపోతుంది. లోపలికి నీరు పోదు, పచ్చిపిండి అలాగే మిగిలిపోతుంది. కదపకుండా ఉంచితే ఆ బొక్కలోంచి ఎగదన్నే నీళ్లూ ఆవిరీ గుట్టను నిదానంగా ఉడికిస్తాయి. పది పదిహేను నిమిషాలకు రంగు ముదిరి, పచ్చివాసన పోతుంది. అప్పుడు దించాలి, అప్పుడే కెలకాలి.

కెలకడం రెక్కల బలంతో చేసే పని. కుండను చుట్టకుదురు మీద పెట్టి ఒకరు మసిగుడ్డతో పట్టుకుంటే, ఇంకొకరు రెండు చేతులా తెడ్డు పట్టి పిండిని కుండ గోడకేసి నొక్కుతూ తిప్పుతారు. ఆ కుండ పట్టుకునే పని సాధారణంగా ఇంట్లో పిల్లలకు పడుతుంది. సంకటి చేయడం నేర్పించడమంటూ వేరే ఏమీ ఉండదు. అది వదులుగా ఉన్నప్పుడు కుండ ఎలా ఊగుతుందో, బిగిసినప్పుడు ఎలా గుంజుతుందో పట్టుకున్న చేతులకే తెలుస్తుంది. ఏ వంటల పుస్తకమూ ఇది చెప్పలేదు. తడివేలితో తాకినప్పుడు అంటుకోకపోతే అయిపోయినట్టే. తడిపిన గిన్నెలో వేసి గుండ్రంగా ఆడిస్తే ముద్ద తయారవుతుంది.

ఆ ముద్ద నడుమ గుంట చేసి నెయ్యి వేస్తారు. కొంచెం తుంచి, కూరలో అద్ది, మింగేస్తారు. నమిలితే పళ్లకు అతుక్కుంటుంది. సంకటికి తనదంటూ పెద్ద రుచి లేదు, పైగా బరువు. అందుకే పక్కన పుల్లగా, కారంగా, జారుగా ఉండేది కావాలి. పుల్లగూర పుట్టిందే ఇందుకు. చెంచలాకో చుక్కకూరో తోటకూరో, పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ, కాస్త చింతపండుతో ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, తెల్లగడ్డ తిరగమాత వేస్తారు. ఊరిబిండిలో వేయించిన చెనిక్కాయ విత్తనాలు, మిరపకాయలు, చింతపండు రోట్లో పడతాయి. మిక్సీ దాన్ని పేస్టు చేసి పాడుచేస్తుంది. విత్తనం బరకగా పంటికి తగలాలి. చిత్తూరు వైపు చలికాలంలో అనపకాయలొస్తే పితికిపప్పు చేస్తారు. గింజల్ని రాత్రంతా నానబెట్టి, ఒక్కొక్కదాన్నీ వేళ్లతో పితికి తోలు తీస్తారు. ఇంటిల్లిపాదీ కూర్చుంటే తప్ప తెమిలే పని కాదు.

పల్నాట జొన్నతోనూ ఇదే తీరు. శ్రీనాథుడి పేరున చెప్పుకునే ఒక చాటువు, బచ్చలీ చింతచిగురూ కలిపిన కూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూడమని ఏకంగా కృష్ణుడికే సవాలు విసురుతుంది. కవి వెక్కిరించాడు నిజమే. కానీ జోడీని మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు. ముతక ముద్దకు పుల్లటి ఆకు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే అనంతపురం లాంటి చోట్ల రాగి ఊరికే నిలబడలేదు. తక్కువ నీళ్లతో పండుతుంది, పురుగు సులువుగా పట్టదు, ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. పంట పోయిన ఏడాది పాత గింజలే కడుపు నింపేవి. బియ్యం నూకలు కూడా అప్పుడు అందరికీ దొరికేవి కావు. కొర్రలనో జొన్న నూకనో వేసుకునేవాళ్లు. తర్వాత చేలు వేరుశనగకు మళ్లాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక పేదింట్లోనూ రోజూ అన్నం ఉడికింది. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికుంది? తెల్లారకముందే లేచి తిరగలి తిప్పిన ఆడవాళ్లకు ఆ బియ్యమే ఊపిరి పీల్చుకునే వీలిచ్చింది.

ఇప్పుడు రాగి మళ్లీ మందుల షాపు గుమ్మంలోంచి వస్తోంది. కొంతవరకు న్యాయమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. తెల్ల బియ్యంలో పది కూడా లేదు. గింజ చిన్నది కావడంతో బియ్యంలా పాలిష్ పట్టడం కష్టం, పొట్టుతో సహా పిండవుతుంది. అయితే షుగర్ ఉన్నవాళ్లు ఎన్ని ముద్దలైనా తినొచ్చనే ప్రచారాన్ని మాత్రం నేను నమ్మను. రాగిలోనూ మూడింట రెండొంతులు పిండిపదార్థమే. సీమ రైతు రెండు ముద్దలు తిని పొద్దంతా మడక దున్నాడు. మనం తిని కుర్చీలో కూర్చుంటాం.

రాత్రి మిగిలిన ముద్దను పారేయరు. నీళ్లలో వేసి ఉంచి, పొద్దున్నే చేత్తో పిసికి, మజ్జిగ పోసి, ఉప్పేసుకుని, ఉల్లిగడ్డా పచ్చిమిరపకాయా నంజుకుంటూ తాగుతారు. ఎండాకాలంలో కొన్ని ఇళ్లలో ఈ సద్ది కోసమే ఒక ముద్ద ఎక్కువ కెలుకుతారు.