మిగిలేవారి వీసా

ఉద్యోగ వీసా ఒక మనిషి చేయబోయే పనిని చూసి ఇచ్చే అనుమతి కాగా, రిటైర్మెంట్ వీసా ఆ మనిషి ఇకమీదట పని చేయడన్న షరతు మీదా, బయటి నుంచి తెచ్చుకునే సొమ్ముతోనే జీవిస్తాడన్న రుజువు మీదా ఇచ్చే దీర్ఘకాల నివాస అనుమతి. భార్యాభర్తలు కలిసి వెళ్లదలచినప్పుడు చాలా దేశాల నిబంధనలు ఒకరిని ప్రధాన దరఖాస్తుదారుగానూ, రెండవవారిని ఆధారితులుగానూ, అంటే మొదటివారి అనుమతిని ఆనుకుని ఉండేవారుగానూ పరిగణిస్తాయి. తమిళనాడులోని పొల్లాచ్చి వంటి ఊళ్లలో పింఛనూ, పట్టా, బ్యాంకు ఖాతా సాధారణంగా భర్త పేరనే ఉంటాయి కనుక ప్రధాన దరఖాస్తుదారు దాదాపుగా భర్తే అవుతాడు. భార్య సాధారణంగా వయసులో చిన్నది కనుక చివరికి ఒంటరిగా మిగిలే అవకాశం ఆమెకే ఎక్కువ. వీసాను ఎంచుకునే దంపతులు మొదట అడగవలసిన ప్రశ్న దీని నుంచే పుడుతుంది: ఒకరు పోయిన మరునాడు రెండవవారు ఏ హక్కుతో ఆ దేశంలో ఉండగలరు?

పొల్లాచ్చి, ఉడుమలైపేట ప్రాంతాల తెలుగువారికి వలస కొత్త విషయం కాదు. విజయనగర, మధుర నాయక రాజుల కాలంలో, ముఖ్యంగా 1529లో విశ్వనాథ నాయకుడు మధుర పాలన చేపట్టి పాళెగాండ్ర వ్యవస్థకు పునాది వేసిన తరువాత, సైనికులు, వ్యవసాయదారులు, నేతగాండ్రు తెలుగు నేల నుంచి దక్షిణానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆ వలస బంధువర్గంతో, కులదైవంతో సహా సాగినది కనుక, భర్తను పోగొట్టుకున్న స్త్రీకి కొత్త ఊరిలో కూడా నలుగురు తన మనుషులు ఉండేవారు. ఇప్పటి వీసా ఇద్దరిని మాత్రమే తీసుకుపోతుంది, వారిలో ఒకరు వెళ్లిపోతే మిగిలినవారికి అక్కడ దిక్కుగా నిలిచేది నిబంధనల పుస్తకమే.

పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్న తల్లిదండ్రులు ‘రిటైర్మెంట్ వీసా’ అన్న మాటను వాడుతున్నా, వారి మనసులో ఉన్నది చాలాసార్లు పిల్లల దగ్గరకు చేరే మార్గమే. అమెరికాకు అసలు రిటైర్మెంట్ వీసా లేదు. 21 ఏళ్లు నిండిన పౌరుడు తన తల్లిదండ్రుల కోసం దరఖాస్తు పెట్టవచ్చు, అయితే తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి చొప్పున విడివిడిగా పెట్టాలి, ఒకరి దరఖాస్తులో రెండవవారిని ఆధారితులుగా చేర్చడానికి వీలులేదు. పైకి ఇది ఖర్చు పెంచే నిబంధనలా కనిపించినా, తల్లి హక్కు తండ్రి ప్రాణంతో ముడిపడకుండా చేస్తున్నది కూడా ఇదే. దానితోపాటు రెండు ఇబ్బందులున్నాయి. అమెరికాలో పనిచేసిన చరిత్ర లేని వృద్ధులు మెడికేర్‌లో, అంటే 65 ఏళ్లు దాటినవారికి అక్కడి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమాలో, రుసుము కట్టి చేరాలన్నా శాశ్వత నివాసులుగా 5 ఏళ్లు వరుసగా ఉండి తీరాలి. సొంత తోటలో కొబ్బరి దింపులు చూసుకోవడానికి పొల్లాచ్చికి వచ్చి, ముందస్తు అనుమతి లేకుండా ఏడాదికి మించి ఇక్కడే ఉండిపోతే గ్రీన్ కార్డు చెల్లుబాటే సందేహంలో పడుతుంది. కెనడా 2011లో మొదలుపెట్టిన సూపర్ వీసా నివాస హక్కు కాదు, తల్లిదండ్రులకు ఇచ్చే దీర్ఘ సందర్శక వీసా. 2022 నుంచి ఒక్కో రాకకు 5 ఏళ్ల వరకు ఉండనిస్తున్నారు, కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా తప్పనిసరి. పిల్లల మీద ఆధారపడడం ఇష్టంలేక స్వతంత్రంగా బతకాలనుకునే దంపతులకు ఈ రెండు దారులూ సరిపడవు.

స్వతంత్రంగా వెళ్లేవారి విషయంలో దేశాలు అడిగేది ప్రధానంగా ఆదాయ స్వభావాన్ని గురించి, ఇక్కడే పొల్లాచ్చి రైతు చిక్కులో పడతాడు. పనామా పెన్షనాడో వీసాకు జీవితాంతం వచ్చే పింఛను కావాలి, అది నెలకు కనీసం 1,000 డాలర్లు ఉండాలి, ఆధారితులుగా వచ్చే ఒక్కొక్కరికి మరో 250 కలపాలి. బ్యాంకులో ఎంత సొమ్ము దాచినా అది పింఛనుగా చెల్లదు. ఉద్యోగుల పింఛను పథకం, 1995 కింద మిల్లు కార్మికుడికి వచ్చే కొద్ది వేల రూపాయలు ఆ దరిదాపులకు కూడా చేరవు. కొబ్బరి తోట ఉన్నవారి స్థితి మరోలా ఉంటుంది. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు కనుక పన్ను పత్రాల్లో వారి సంపాదన పెద్దగా కనిపించదు, చిట్టా, అడంగల్ వంటి రెవెన్యూ పత్రాలు భూమిని చూపుతాయే తప్ప నెలనెలా చేతికొచ్చే సొమ్మును చూపవు. పైగా ఆ సొమ్ము నిలకడగా రాదు: వలయాకార తెల్లదోమ భారతదేశంలో మొదట 2016లో పొల్లాచ్చి తోటల్లోనే కనబడింది, ఆ తరువాత కేరళ వైపు నుంచి వేరు వాడు తెగులు కూడా ఈ తోటలకు పాకింది. కాయ ధర బాగున్న ఏడాది లెక్కలు చూపి వీసా తెచ్చుకున్న రైతు, తెగులు పడిన ఏడాది అదే వీసాను పునరుద్ధరించుకోవలసి వస్తుందన్న సంగతిని ముందే ఆలోచించాలి. తోట ఆదాయంలో కొంత భాగాన్ని కొన్నేళ్లపాటు క్రమంగా డిపాజిట్లుగానో, ఆన్యుటీగానో, అంటే ఒకసారి కట్టిన మొత్తానికి బదులుగా జీవితాంతం క్రమం తప్పకుండా వచ్చే చెల్లింపుగానో మార్చుకున్నవారికే ఈ దారి తెరుచుకుంటుంది. ఆ ఆన్యుటీ కూడా భర్త తరువాత భార్యకు అదే మొత్తం వచ్చే రకమై ఉండాలి.

ఈ చివరి షరతు ఎందుకు అవసరమో ప్రభుత్వ పింఛనుదారుల లెక్క చూస్తే అర్థమవుతుంది. పాత పింఛను విధానంలో విశ్రాంత ఉద్యోగికి చివరి వేతనంలో సగం పింఛనుగా వస్తే, ఆయన మరణానంతరం భార్యకు వచ్చే కుటుంబ పింఛను, మొదట కొన్నేళ్లు ఎక్కువ ఇచ్చే నిబంధనను పక్కనపెడితే, చివరి వేతనంలో 30 శాతం. అంటే ఆదాయం ఐదింట మూడు వంతులకు పడిపోతుంది. వీసా కోరే ఆదాయం మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గదు. స్పెయిన్‌లో పని చేయకుండా నివసించేవారికి ఇచ్చే వీసాకు ప్రధాన దరఖాస్తుదారు ఐప్రెమ్ అనే అధికారిక ఆదాయ సూచికకు 4 రెట్లు, భార్య కోసం మరొక రెట్టు చూపాలి. నెలకు 600 యూరోల సూచిక ప్రకారం అది ఇద్దరికి 3,000, ఒక్కరికి 2,400. సరిగ్గా 3,000 యూరోల పింఛనుతో వెళ్లిన దంపతులలో భర్త పోతే భార్యకు మిగిలేది 1,800, ఆమె ఒక్కతే చూపవలసింది 2,400. పనామాలో 1,250 డాలర్లు 750గా మారితే, కావలసిన 1,000కి అది చాలదు. ఇద్దరికి బొటాబొటిగా సరిపోయే ఆదాయం ఒక్కరికి ఎంతమాత్రం సరిపోదన్న ఈ సంగతిని ఏజెంట్ల పట్టికలు చూపవు. కుటుంబ పింఛను అంకెను ముందు పెట్టుకుని, దాని నుంచి వెనక్కి లెక్క కట్టడమే క్షేమం. చట్టపరంగా చూస్తే ఐరోపా దేశాలు కొంత మెరుగు: పోర్చుగల్ చట్టం భర్త ద్వారా వచ్చిన భార్యకు వైధవ్యం సంభవించినప్పుడు స్వతంత్ర నివాస అనుమతి పొందే అవకాశం ఇస్తుంది, సొంత ఆదాయంతో జీవించేవారికి ఇచ్చే డి7 వీసాకు అక్కడి కనీస వేతనమంత ఆదాయం, భార్యకు అందులో సగం అదనంగా ఉంటే చాలు. అయితే భాష, చలి, దూరం అన్న మూడింటినీ అరవై దాటిన పొల్లాచ్చి స్త్రీ ఒంటరిగా ఎదుర్కోగలదా అన్నది చట్టం తీర్చే ప్రశ్న కాదు.

కోయంబత్తూరు విమానాశ్రయం నుంచి కొద్ది గంటల్లో చేరగల ఆసియా దేశాలే ఆచరణలో ముందుకొస్తాయి. థాయిలాండ్‌లో 50 ఏళ్లు నిండినవారు 8 లక్షల బాత్‌ల డిపాజిట్‌నో, నెలకు 65,000 బాత్‌ల ఆదాయాన్నో చూపి ఏడాదికొకసారి అనుమతిని పొడిగించుకుంటూ, 90 రోజులకొకసారి చిరునామా తెలియజేస్తూ ఉండవచ్చు. అక్కడ భార్యను ఆధారితురాలిగా చేర్చడం చవక, ఆమె కూడా 50 దాటి ఉంటే వేరుగా తన పేరున 8 లక్షల బాత్‌లతో దరఖాస్తు చేయడం ఖరీదు; అయినా స్తోమత ఉన్నవారు రెండవదాన్నే ఎంచుకోవడం మంచిది, ఆధారిత అనుమతికి ఆసరా ప్రధాన వ్యక్తి అనుమతే కనుక. మలేషియా 2002లో ప్రారంభించిన మై సెకండ్ హోమ్ పథకం ఒకప్పుడు మధ్యతరగతికి అందుబాటులో ఉండేది. 2021లో దాన్ని బాగా బిగించి, 2024లో మూడు తరగతులుగా విభజించారు. ఆ మూడింటిలో కింది తరగతికే లక్షన్నర అమెరికా డాలర్ల డిపాజిట్, 6 లక్షల రింగిట్‌ల ఇల్లు కావాలి. పేరాక్ రాష్ట్రంలోని బగాన్ దతుక్ కొబ్బరి తోటల్లోకి కూలికి వెళ్లిన తెలుగువారి వారసులు ఇప్పటికీ అక్కడ ఉండగా, అదే కొబ్బరి నమ్ముకున్న పొల్లాచ్చి రైతుకు ఆ దేశపు తలుపు ఇంత ఎత్తుకు పోవడం విచారకరం. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే మారిషస్, 50 దాటిన విశ్రాంతులకు 10 ఏళ్ల నివాస అనుమతి ఇస్తున్నందున, మిగిలేవారికి పండుగా పలకరింపూ దొరికే చోటుగా పరిశీలించదగినది.

డబ్బు కన్నా ముందు కాగితాలు దంపతులను ఆపుతాయి. తమిళనాడులో వివాహ నమోదును తప్పనిసరి చేసిన చట్టం 2009లో వచ్చింది. అంతకు ముందు గుడిలోనో ఇంటి ముందు పందిట్లోనో పెళ్లయిన ఇప్పటి వృద్ధ దంపతుల వద్ద పెళ్లి పత్రిక తప్ప ధ్రువపత్రం ఉండదు. వారు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించుకుని, దానికి అపోస్టిల్, అంటే 2005 నుంచి భారతదేశంలో అమలులో ఉన్న హేగ్ ఒప్పందం ప్రకారం విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ, ఆ ఒప్పందంలో చేరిన దేశానికి వెళ్లేటప్పుడు పొందాలి. పేరు మరో చిక్కు. ఈ ప్రాంతపు తెలుగువారికి ఇంటిపేరు సంబంధాలు కలుపుకునేటప్పుడు అవసరమవుతుందే తప్ప కాగితాలకు ఎక్కదు, పాస్‌పోర్టులో తండ్రి పేరు పొడి అక్షరంగానో, ఇంటిపేరు గడి ఖాళీగానో ఉంటుంది. భార్య కాగితాల్లో ఒకచోట తండ్రి అక్షరం, మరొకచోట భర్త అక్షరం కనిపిస్తాయి. దరఖాస్తుకు చాలా ముందే ఆధార్, పాన్, పాస్‌పోర్టు, వివాహ పత్రం నాలుగింటిలోనూ ఆమె పేరు ఒక్క తీరుగా ఉండేలా సరిచేయించాలి, రేపు బ్యాంకు డిపాజిట్ చేతికి రావాలన్నా, భర్త వీసా స్థానంలో సొంత వీసా అడగాలన్నా ఆమెను ఆమెగా నిరూపించేవి అవే.

సొమ్ము పంపే విషయంలో భారతీయ నిబంధనలు భార్యాభర్తలను ఇద్దరు వ్యక్తులుగానే చూస్తాయి. సరళీకృత చెల్లింపుల పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల అమెరికా డాలర్ల వరకు పంపవచ్చు. చదువు, వైద్యం కాని అవసరాలకు 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం ముందే వసూలు చేస్తుంది, అది పన్ను లెక్కలో సర్దుబాటు అవుతుంది. విదేశీ నివాసులయ్యాక ఇక్కడి ఖాతాలను ఎన్‌ఆర్‌ఓ ఖాతాలుగా, అంటే ప్రవాసుల స్వదేశీ ఆదాయానికి ఉద్దేశించిన ఖాతాలుగా మార్చాలి. భారతదేశంలో ఉన్నప్పుడు కొన్న తోటను వారు అలాగే ఉంచుకోవచ్చు, వారసత్వంగానూ పొందవచ్చు, కొత్తగా వ్యవసాయ భూమి కొనడానికి మాత్రం వీలుండదు. పక్క తోట కలుపుకోవాలన్న ఆశ ఉన్నవారు ఆ కొనుగోలును ప్రయాణానికి ముందే ముగించాలి.

తోటను చూసుకోవడానికి తమ్ముడికో అల్లుడికో భర్త ఒక్కడే అధికారపత్రం రాసి ఇవ్వడం ఇక్కడి అలవాటు. ఆ పత్రం రాసిన మనిషి మరణంతోనే చెల్లకుండా పోతుంది. ఆ రోజు నుంచి పట్టా మార్పు జరిగేవరకు కాయలు అమ్మిన సొమ్ము ఎవరి ఖాతాకు చేరాలన్న వివాదం, విదేశంలో వీసా గడువు ముందున్న భార్య మీద పడుతుంది. అందువల్ల భూమిలో కొంత భాగమైనా బతికి ఉండగానే ఆమె పేరున రాయడం, మిగిలినదానికి వీలునామా రిజిస్టరు చేయించడం, తన భాగానికి ఆమె వేరుగా తన సొంత అధికారపత్రం ఇవ్వడం అనే మూడు పనులూ ప్రయాణానికి ముందే పొల్లాచ్చిలో కావాలి. విదేశం నుంచి రాసి పంపే అధికారపత్రాన్ని అక్కడి భారత దౌత్య కార్యాలయంలో ధ్రువీకరింపజేసి, అది భారతదేశానికి చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించవలసి ఉంటుంది.