పొలుసు రాలినా లెక్క తప్పదు

వనపర్తిలోనో నాగర్‌కర్నూలులోనో ఇంటర్ బైపీసీ చదివినవాళ్లకు నీరిస్ గుర్తుండే ఉంటుంది. ఒళ్లంతా ఖండితాలు, ఒక్కోదానికి రెండు పక్కలా పార్శ్వపాదాలు, వాటిలోంచి పొడుచుకొచ్చే శూకాలు. పరీక్ష కోసం మనం గీసి మరిచిపోయిన ఆ వివరాల మీదే ధ్రువ సముద్రాల పురుగులను వర్గీకరించేవాళ్లు ఏళ్ల తరబడి కూర్చుంటారు.

యూలాజిస్కా జైగాంటియానే తీసుకోండి. డగ్లస్ మాసన్ నడిపిన 1929–31 అంటార్కిటిక్ యాత్ర తెచ్చిన పురుగుల మీద బ్రిటిష్ మ్యూజియం శాస్త్రజ్ఞుడు మన్రో 1939లో నివేదిక వెలువరించాడు. ఈ పొలుసు పురుగుకు పేరు పెట్టింది ఆయనే. కోరలు తెరిచి భయపెడుతూ ఇంటర్నెట్‌లో తిరిగే ఫొటో దీనిదే. చాలామంది మొహం అనుకునేది బయటికి తన్నుకొచ్చిన గ్రసని. అసలు తల దాని పైన చిన్నగా ఉంటుంది, ఎవరూ చూడరు.

వలలో పైకి వచ్చేసరికి ఇలాంటి పురుగుల వీపు మీది పొలుసులు సులువుగా రాలిపోతాయి. మరి లెక్క ఎలా? 15 జతలుండే ఈ తరహా పురుగుల్లో పొలుసులు మామూలుగా 2, 4, 5, 7 ఖండితాల మీద, అక్కణ్నుంచి 23 దాకా ఒకటి విడిచి ఒకటి, ఆపైన 26, 29, 32 మీద ఉంటాయి. పొలుసు ఊడినా అది అతుక్కున్న బొడిపె మిగులుతుంది. పొలుసు లేని ఖండితం మీద సన్నటి తంతువు ఉంటుంది. పని తెలిసినవాళ్లు సూక్ష్మదర్శిని కింద ఆ బొడిపెలను ఒక్కొక్కటే లెక్కపెడతారు. మొదటి ఖండితం తలను అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని గమనించకపోతే లెక్కంతా ఒకటి జరిగిపోతుంది.

గద్వాల చీరలో నూలు, పట్టు అంచు కలిసే చోట నేతగాడి పనితనం తెలిసినట్టు, ఈ వర్ణనల్లో పనితనం పార్శ్వపాదం దగ్గర బయటపడుతుంది. ఒక్క పాదాన్ని కోసి, గాజుపలక మీద పరిచి గీస్తారు. శూకం మీద పళ్ల వరసలు ఎక్కడ మొదలయ్యాయి, కొన ఒకటేనా, రెండుగా చీలిందా అన్నది రాస్తారు. రంగును నమ్ముకోరు, ఆల్కహాల్‌లో అది వెలిసిపోతుంది. విశేషణాలు అసలే ఉండవు. నా మటుకు నాకు ఆ పొదుపు మీదే గౌరవం.

మన వాల్తేరులోనూ ఈ ఓపిక ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు తీరపు ఇసుక రేణువుల సందుల్లో బతికే అతిచిన్న జంతువులను పరిశీలించి 1962లో వ్యాసం ప్రచురించారు. చలి సముద్రం లేదు, లోతు లేదు. పురుగు మాత్రం కంటికి ఆనదు.

మళ్లీ అంటార్కిటికాకు వస్తే, అక్కడి ఇలాంటి పురుగులను ఒక చోటికి తెచ్చింది శాస్త్రజ్ఞురాలు ఓల్గా హార్ట్‌మన్, 1964, 1966 సంపుటాల్లో. యూలాజిస్కా జైగాంటియా పక్కన మన్రో పేరు, 1939 ఇప్పటికీ కుండలీకరణాలు లేకుండానే రాస్తారు, ఆయన చేర్చిన ప్రజాతిలోనే అది ఉంది కాబట్టి. రేపెవరైనా ప్రజాతి మారిస్తే ఆయన పేరు కుండలీకరణాల్లోకి వెళుతుంది. కొట్టేయడానికి మాత్రం వీల్లేదు.