అర మాత్ర లెక్క

"ఇది అలవాటైపోతుందా డాక్టరు గారూ?" చీటీ చేతికి రాకముందే ఈ ప్రశ్న వచ్చేస్తుంది. గిలకలదిండి నుంచి బందరు వచ్చినవాళ్లయినా, అవనిగడ్డలో బస్సెక్కి వచ్చినవాళ్లయినా అడిగేది ఇదే. గుండె దడ, చెమటలు, ఊపిరాడనట్టుండే రాత్రులు, ఈసీజీ తీస్తే అంతా బాగానే ఉందన్న జవాబు. ఇన్ని పడ్డాక కూడా కొందరికి జబ్బు కంటే మాత్రంటేనే ఎక్కువ భయం.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆందోళన తగ్గడానికి రాసే ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్, లోరజెపామ్, డయజెపామ్ అన్నీ ఒకే కుటుంబం. ఆ కుటుంబంలో మొదటిదైన లిబ్రియం 1960లో, వాలియం 1963లో బజారుకొచ్చాయి. రెండూ రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టినవే. అంతకుముందు వాడిన బార్బిచ్యురేట్లు డోసు మించితే ప్రాణం తీసేవి. వాటి పక్కన ఇవి ఎంతో నయమనిపించాయి, డాక్టర్లు ధారాళంగా రాశారు. మానడంలో ఉన్న కష్టం తర్వాత బయటపడింది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో ప్రొఫెసర్ హెదర్ యాష్టన్ 1982 నుంచి 1994 దాకా ఈ మాత్రలు మాన్పించడానికే ఒక క్లినిక్ నడిపారు. రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడొద్దని 1988లో బ్రిటన్ ఔషధ భద్రతా కమిటీ చెప్పింది.

మనకు అంత దూరం పోనక్కర్లేదు. 2015లో తెలంగాణ సర్కారు కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల ఆసుపత్రులు ఒక్కసారిగా నిండిపోయాయి. వణుకు, ఫిట్స్, పొంతన లేని మాటలు. ఆ కల్లులో కలిపేది డయజెపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్. తాగినవాళ్లకు తాము మాత్రలు మింగుతున్నామనే తెలియదు. తాగినన్నాళ్లూ జరగనిది హఠాత్తుగా ఆగిపోయేసరికి జరిగింది.

కారణం మెదడులో ఉంది. గాబా అనే రసాయనం నరాల ఉద్రేకాన్ని అదుపులో పెడుతుంది. ఈ మాత్రలు దాని పనికి బలం చేకూరుస్తాయి. వారాల తరబడి రోజూ వేసుకుంటే మెదడు ఆ సాయానికి సర్దుకుపోతుంది. అప్పుడు ఒక్కసారిగా ఆపేస్తే ఉద్రేకానికి పగ్గం ఉండదు. నిద్ర పోతుంది, చేతులు వణుకుతాయి, పాత ఆందోళన రెట్టింపై వస్తుంది, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. డాక్టరు చెప్పినట్టే వాడినవాళ్లకూ ఈ ఇబ్బంది రావచ్చు. అంతమాత్రాన వాళ్లు మత్తుకు బానిసలైనట్టు కాదు. అత్తారింట్లో ఆ మాట పడుతుందేమోనని మాత్రలు బియ్యం డబ్బాలో దాచుకునే కోడళ్లకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

చిక్కేమిటంటే, భయం రెండు తప్పులు చేయిస్తుంది. అవసరమైన నాడు మాత్ర ముట్టనివ్వదు. ఆరు నెలలు వాడాక ఎవరో హడలగొడితే ఆ రాత్రే డబ్బాతో సహా కాలవలో పారేయిస్తుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం.

మాన్పించడం ఓపికతో చేసే పని. ఆల్ప్రజోలామ్ ప్రభావం త్వరగా దిగిపోతుంది. రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు చాలు. అందుకే తెల్లవారేసరికి దడ మొదలైతే జబ్బు ముదిరిందనుకుంటారు కొందరు. నిదానంగా దిగే డయజెపామ్‌కో క్లోనజెపామ్‌కో మార్చి, అక్కణ్నుంచి తగ్గించడం డాక్టర్లు వాడే ఒక పద్ధతి. రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గించడంతో మొదలుపెట్టమని 2025లో అమెరికా వైద్య సంఘాలు ఉమ్మడిగా సూచించాయి. చేతిలో ఉన్నది 0.5 మిల్లీగ్రాముల మాత్ర అయితే మధ్య గీత దగ్గర విరిచినా తగ్గేది ఒకేసారి 50 శాతం. ఎస్ఆర్ అని రాసి ఉన్న మాత్రనైతే అసలు విరవకూడదు, మందు నిదానంగా వదిలే ఏర్పాటు పాడవుతుంది. అర మాత్ర లెక్క ఇంట్లో సొంతంగా వేసుకునేది కాదు.

షాపులవాళ్లకూ ఇందులో పాత్ర ఉంది. 2014 మార్చి 1 నుంచి ఈ మందుల్లో ఆల్ప్రజోలామ్, డయజెపామ్ వంటివి షెడ్యూల్ హెచ్1 కిందికొచ్చాయి. అట్ట మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, మందు, ఎంత ఇచ్చారో రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. పాత చీటీ చూపించి ఏడాదిగా అదే మాత్ర కొంటున్న మనిషిని పట్టుకోగలిగేది ఆ రిజిస్టరే, రాస్తే.

ఇక బోటు మీదికెళ్లే మనిషి సంగతి వేరు. మత్తు దిగని కళ్లతో రాత్రి వల లాగితే కాలు జారుతుంది. పైన మందు కొడితే ఊపిరే మందగించవచ్చు. వారం వేటలో మాత్రలు అయిపోతే నడిసముద్రంలో షాపు దొరకదు. కనుక మొదటి చీటీ రాసిన రోజే మూడు విషయాలు తేల్చుకోవాలి: ఎన్ని వారాలు వాడాలి, ఎలా తగ్గించాలి, ఈలోగా అసలు వైద్యం ఏమిటి. అసలు వైద్యంగా ఇచ్చే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, కౌన్సెలింగ్‌కూ అంతే. ఈ మాత్ర ఆ మధ్యకాలానికి ఆసరా మాత్రమే.

ఏళ్ల తరబడి వాడుతున్న మత్స్యకారులు డాక్టరుతో మాట్లాడుకోవడానికి క్యాలెండర్‌లో ఒక వీలుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. మాత్ర పూర్తిగా మానడానికి ఆ గడువు చాలకపోవచ్చు. మొదటి మెట్లు మాత్రం ఒడ్డున, ఇంట్లోవాళ్ల కళ్లెదుట దిగవచ్చు. అపాయింట్‌మెంట్ దొరికేలోపు అనుమానాలుంటే 14416కి ఫోన్ చేయొచ్చు. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు అది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.