విండోస్ పక్కనే లినక్స్

ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉంచి, ఆన్ చేసిన ప్రతిసారీ ఒకదాన్ని ఎంచుకొనే ఏర్పాటును డ్యూయల్ బూట్ అంటారు. ఉన్న విండోస్‌ను కదపకుండా దాని పక్కన లినక్స్‌ను పెట్టడం ఇందులో ఎక్కువగా జరిగే పని.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి పట్టణాల్లో విండోస్‌ను పూర్తిగా తీసెయ్యమనడం మంచి సలహా కాదు. డీటీపీ సెంటర్లలో పెండ్లి పత్రికలూ కరపత్రాలూ ఇప్పటికీ అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనే తయారవుతాయి. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు, వాటి కీబోర్డు ప్రోగ్రాం విండోస్ కోసమే రాసింది. దుకాణాల లెక్కలు, సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద వచ్చే గుడ్డ లెక్కలు ట్యాలీలో ఉంటే అవీ అంతే. కానీ నాచుపల్లిలో 2007లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలోనైనా, ఆ తర్వాత సిరిసిల్లకు వచ్చిన కాలేజీలోనైనా కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు లినక్స్ రాక తప్పదు. ఇల్లు గడిపే పని ఒక సిస్టమ్ మీద, నేర్చుకొనే పని ఇంకొకదాని మీద నడవాలి. ఇంట్లో ఉన్నది మాత్రం ఒక్క ల్యాప్‌టాప్. రెండూ ఒకేచోట ఉండటమే ఇలాంటి ఇంటికి తగిన దారి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్, ఇంటెల్‌లోనైతే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. అంతకన్నా పాత యంత్రం మీద 4 జీబీ ర్యామ్‌తోనే లినక్స్ మింట్ చక్కగా నడుస్తుంది. ఇంటర్నెట్ పనులు లినక్స్‌కు మార్చుకొని, విండోస్‌ను అను, ట్యాలీల కోసమే ఉంచుకోవడం పాత ల్యాప్‌టాప్ ఉన్నవారికి క్షేమం.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది బ్యాకప్. ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, ట్యాలీ డేటా వేరే హార్డ్‌డిస్క్‌లోకి చేరాకే మిగతా పని. ఈ మెట్టు దాటేసినవారికే ఈ పనిలో నిజమైన నష్టం జరుగుతుంది.

లినక్స్ రకాల్లో మింట్ ఇన్‌స్టాల్ ఫైలు 3 జీబీకి కాస్త అటూ ఇటుగా, ఉబుంటు 24.04 దాదాపు 6 జీబీ ఉంటుంది. రోజుకు 2 జీబీ ఫోన్ ప్యాక్ మీద దించేవారు టోరెంట్ వాడితే మధ్యలో ఆగినా మర్నాడు అక్కడినుంచే కొనసాగుతుంది. దించిన ఫైలును రూఫస్ లాంటి ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌కు ఎక్కించాలి; అందులో అంతకుముందున్నదంతా పోతుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టే మెనూ వస్తుంది. అలా వచ్చిన లినక్స్ ఇంకా హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోదు. వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. వైఫై రాకపోతే ముందుకు పోకుండా ఆగి, దాని సంగతి తేల్చుకోవడం మేలు.

తర్వాత మళ్లీ విండోస్‌లోకి వచ్చి మూడు పనులు చేయాలి. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ తనంతట తానే ఆన్ అయి ఉంటుంది. దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకొని, బిట్‌లాకర్‌ను ఆపాలి. ఫాస్ట్ స్టార్టప్‌ను తీసెయ్యాలి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా మూతపడక సగం నిద్రలో ఉంటుంది, దాని డ్రైవుల్లోకి లినక్స్ నుంచి రాయడం కుదరదు.

మూడోది, ముఖ్యమైనది, స్థలం ఖాళీ చేయడం. విండోస్ పార్టిషన్‌ను విండోస్‌తోనే కుదించాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ ఎంచుకుంటే ఎన్ని ఎంబీలు అని అడుగుతుంది. 50 జీబీ కావాలంటే 51,200 అని ఇవ్వాలి. ఖాళీ అయిన చోటును అలాగే వదిలెయ్యాలి, అక్కడ కొత్త డ్రైవ్ సృష్టించకూడదు. పాత ఎంబీఆర్ పద్ధతి డిస్క్‌లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే పడతాయి. సి, డి, రికవరీ, సిస్టమ్ రిజర్వ్‌డ్ కలిసి ఆ నాలుగూ నిండి ఉంటే ఖాళీ చోటున్నా లినక్స్ దాన్ని వాడుకోలేదు. అప్పుడు డి డ్రైవ్‌లోని ఫైళ్లు వేరేచోటికి మార్చి, ఆ పార్టిషన్‌ను తొలగించాలి. డిస్క్‌ను డైనమిక్‌గా మార్చనా అని విండోస్ అడిగితే ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకూడదు.

ఇక మళ్లీ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి ఇన్‌స్టాలర్‌ను తెరవాలి. అందులో భాషగా తెలుగు ఎంచుకోవచ్చు. గల్ఫ్ నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ మీద అరబిక్ అక్షరాలు ముద్రించి ఉన్నా కీబోర్డు దగ్గర ఇంగ్లిష్ యూఎస్ పెట్టుకుంటే చాలు. నిదానించి చదవాల్సిన తెర ఒక్కటే: విండోస్ పక్కన ఇన్‌స్టాల్ చేయాలా, డిస్క్ మొత్తం చెరిపెయ్యాలా అని అడిగేది. మొదటిది కనిపించకపోతే రెండోది నొక్కకుండా వెనక్కి రావాలి. పార్టిషన్లు చేత్తో పెట్టుకొనేవారు ఖాళీ చోటులో ఎక్స్‌ట్4 పార్టిషన్ చేసి దాన్ని రూట్‌గా చూపాలి. సుమారు 100 ఎంబీలుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌ను వాడుకోవాలి గాని ఫార్మాట్ చేయకూడదు. ఈ పని జరుగుతున్నంతసేపూ చార్జర్ పెట్టి ఉంచాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు.

ఇక నుంచి ఆన్ చేయగానే గ్రబ్ అనే మెనూలో రెండు పేర్లూ కనిపిస్తాయి. లినక్స్ నుంచి తిరిగి విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. బోర్డు మీది గడియారంలో లినక్స్ అంతర్జాతీయ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. స్థానిక సమయమే రాయమని లినక్స్‌కు ఒక్క ఆదేశం ఇస్తే సరిపోతుంది. తెలుగు టైపింగ్‌కు ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆర్‌టీఎస్ కూడా దొరుకుతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఈ పద్ధతి 1990ల తొలినాళ్లలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్ల చేతిలో పుట్టింది. అను నేర్చినవారికి ఇది కొత్తగా ఉన్నా, రాసింది ఏ ఫోన్‌లోనైనా అక్షరం చెదరకుండా కనిపిస్తుంది.

విండోస్ అప్‌డేట్ వల్ల లినక్స్ తెరుచుకోకపోవడం అప్పుడప్పుడూ జరుగుతుంది. 2024 ఆగస్టులో వచ్చిన ఒక అప్‌డేట్ ప్రపంచమంతటా ఎన్నో డ్యూయల్ బూట్ యంత్రాల్లో సెక్యూర్ బూట్ అనే భద్రతా తనిఖీ దగ్గర లినక్స్‌ను ఆపేసింది. సెక్యూర్ బూట్‌ను కాసేపు ఆపితే లినక్స్ మళ్లీ తెరుచుకొనేది. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌ను దాచుకోవాల్సింది ఇలాంటి రోజు కోసమే.

లినక్స్ వద్దనుకుంటే దాని పార్టిషన్‌ను ముందే చెరపకూడదు. పాత బయోస్ యంత్రాల్లో అలా చేస్తే గ్రబ్‌కు తన ఫైళ్లు దొరక్క విండోస్ కూడా తెరుచుకోదు. ముందు విండోస్ రికవరీ డిస్క్‌తో బూట్ రికార్డును తిరిగి రాయాలి. కొత్త యూఈఎఫ్‌ఐ యంత్రాల్లోనైతే సెట్టింగుల్లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి వరుసలో పెట్టాలి. విండోస్ నేరుగా తెరుచుకుంటోందని చూసుకున్నాకే లినక్స్ పార్టిషన్‌ను తీసి, సి డ్రైవ్‌ను ఆ చోటులోకి పెంచుకోవచ్చు.