గడిలో పట్టని మనుషులు

ముందుమాట కోసం నా దగ్గరికి వచ్చే రాతప్రతుల్లో అమెరికా పుస్తకాలు తక్కువేం కాదు. వాటిలో మంచు ఉంటుంది, నయాగరా ఉంటుంది, ఆవకాయ మీద బెంగ ఉంటుంది. అమెరికావాళ్లే కనిపించరు. ఈ రాతప్రతిలో వాళ్లు కనిపించారు, మాట్లాడారు. వాళ్ల మాటలు వింటూ రెండు రాత్రులు మేలుకున్నాను.

ఈ పుస్తకం రాసిన అమ్మాయి ఒకప్పుడు నా విద్యార్థిని. క్లాసులో తక్కువ ప్రశ్నలు వేసేది. వేస్తే జవాబు పూర్తయ్యేదాకా చూపు తిప్పేది కాదు. ఆ గుణమే ఈ పుస్తకంలోని పద్నాలుగు సంభాషణలకు ప్రాణం. అందరినీ అడిగింది ఒకటే: "మీరెవరు?"

అమెరికాలో ఈ ప్రశ్న చాలా పాతది. 1790లో తీసిన తొలి జనాభా లెక్కల్లోనే మనుషుల్ని తెల్లవారు, ఇతర స్వతంత్రులు, బానిసలు అని విడదీసి రాసుకున్నారు. ఎవరిది ఏ జాతో చాలాకాలం లెక్కలు రాసే ఉద్యోగే చూసి తేల్చేవాడు. ఒక మనిషి ఒకటికి మించిన జాతుల గళ్లలో టిక్కు పెట్టుకోవడానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది. మనవాళ్ల సంగతి మరీ విచిత్రం. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థిండ్, తెల్లవాడు కాడు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1970 లెక్కల్లో అదే భారతీయుల్ని తెల్లవారిలో కలిపేశారు. 1980లో విడిగా ఒక గడి ఇచ్చారు. అరవై ఏళ్లు తిరక్కుండా మూడు లెక్కలు!

ఆ గడిలో పట్టని మాటలే ఈ పుస్తకం. షికాగోలో ఒక రిటైర్డ్ నల్లజాతి టీచరమ్మ ఉంది. తండ్రి మిసిసిపీ పత్తి చేలు వదిలి రైలెక్కి ఉత్తరాదికి వచ్చినవాడు. తన జీవితకాలంలోనే తన జాతి పేరు నీగ్రో, బ్లాక్, ఆఫ్రికన్ అమెరికన్ అని మారుతూ వచ్చిందనీ, మారనిది అమ్మ పిలిచిన ముద్దుపేరు ఒక్కటేననీ ఆవిడ చెబుతుంది. న్యూజెర్సీలో పుట్టిన తెలుగుపిల్లను అక్కడివాళ్లు "అసలు మీదే ఊరు?" అని అడుగుతారు. తెనాలి వస్తే అమ్మమ్మ "మీ అమెరికాలో ఇంతేనా?" అంటుంది.

నన్ను ఎక్కువగా పట్టి ఆపింది కాన్సాస్ గోధుమ రైతు. ఆయన పూర్వీకులు రష్యా నుంచి విత్తనాలు మూటగట్టుకుని వచ్చిన జర్మన్లు. మొదటి యుద్ధం నాటి జర్మన్ ద్వేషానికి జడిసి ఆ ఇంట్లో పిల్లలతో జర్మన్ మాట్లాడటం మానేశారు. ఇప్పుడు ఆ పెద్దాయనకు మిగిలింది భోజనానికి ముందు చెప్పుకునే ప్రార్థన ఒక్కటే, దాని అర్థం కూడా తెలియదు. మన పిల్లల తెలుగు అక్కడ ఏ మలుపులో ఉందో తలుచుకుని పుస్తకం కాసేపు పక్కన పెట్టాను. ఆ రైతే ఇంకో పుటలో, బయటివాళ్లను ఇక రానివ్వకూడదంటాడు. ఆ మాట ఈ పుస్తకం రాసిన అమ్మాయికి నచ్చి ఉండదు. అయినా కత్తిరించలేదు, కింద వ్యాఖ్య రాయలేదు. ఈ నిజాయితీ అరుదు.

షికాగోలోనే స్టడ్స్ టెర్కెల్ టేపు రికార్డరు పట్టుకుని మామూలు మనుషుల మాటలు పోగుచేసి 1967లో 'డివిజన్ స్ట్రీట్: అమెరికా' ప్రచురించాడు. ఆ దారిలో తెలుగులో ఇంత శ్రద్ధగా అడుగేసిన పుస్తకం నేను చదవలేదు.

ఒక లోటు చెప్పకపోతే గురువుగా నా పని సగమే అవుతుంది. ఆ నేల మూలవాసుల గొంతు ఇందులో ఒక్కటీ లేదు. వాళ్లందరినీ ఆ దేశం పౌరులుగా ఒప్పుకున్నది 1924లో, థిండ్ ఓడిపోయిన మరుసటి ఏడాది. రెండో సంపుటం వాళ్లతోనే మొదలుపెట్టమని ఈ అమ్మాయికి చెప్పాను, సరేనంది.

పాఠకులారా, అమెరికాలో మీ పిల్లలుంటే ముందు కాన్సాస్ రైతు మాటలు చదవండి. ఈసారి వాళ్లు ఫోన్ చేసినప్పుడు మీ మనవడికో మనవరాలికో అవి తెలుగులోనే చదివి వినిపించండి.